ఎడమ చెంప

బీసెంట్ రోడ్డులో ఫ్యాన్సీ షాపు మెట్లెక్కి
అడిగాను, అరవై రెండేళ్ల మొహానికి
ఏమైనా ఉందా అమ్మా అని.
ఇరవై ఏడేళ్లు అందరినీ
ఎక్కడికి, ఎక్కడికి అని అడిగినదాన్ని,
అద్దాల బీరువా ముందు నిలబడి
ఎక్కడికో చెప్పలేకపోయాను.

ఎల్లుండి డిపోలో నాకు శాలువా కప్పుతారు.
గేటు పక్కన ఫ్లెక్సీ కట్టిస్తామన్నారు కుర్రాళ్లు,
'టి. వజ్రమ్మ గారికి వీడ్కోలు',
తల ఒక్కటే నాలుగడుగులట.
నాలుగడుగుల మొహం మీద ముడత ఎంత పొడవుంటుందో
రాత్రి పడుకుని లెక్కేశాను.
లెక్కలు నాకు బాగానే వచ్చు.

కౌంటరు పిల్ల పేరు నౌషీన్.
పౌడరు డబ్బా తీయబోయి, నా కళ్ల కింద చూసి
మళ్లీ లోపల పెట్టేసింది.
"పొడి వద్దాంటీ, గీతల్లో దిగి కూర్చుంటుంది."
వేసవిలో నీళ్లు కట్టేశాక
బందరు కాలువ అడుగు ఎలా ఉంటుందో నేనెరుగుదును.
"ముందు తడి, తర్వాతే రంగు.
అదీ కందిగింజంత."

దవడ దగ్గర చిన్న చుక్క పెట్టి
చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి లాక్కొచ్చింది.
"ట్యూబులైటు అబద్ధాలు చెబుతుందాంటీ,
వెలుతురులో చూడండి."
చెరకు రసం బండి గంటలు, చున్నీల బేరాలు,
వాటి మధ్య చేతి అద్దంలో నేను.
కుడి చెంప మీద చుక్క కనిపించకుండా కరిగిపోయింది.
ఎడమ చెంప మీద
పాలు ఒలికినట్టు అలాగే ఉండిపోయింది.

"ఇదేంటాంటీ, మీరు రెండు రంగులున్నారు?"

ఉయ్యూరు బండి తల్లీ,
కండక్టరు సీటు ఎడమవైపు కిటికీ.
పొద్దున వెళ్లేటప్పుడు ఎండ ఎడమ నుంచే.
సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి
సూర్యుడూ అటు తిరిగి ఉంటాడు, మళ్లీ ఎడమే.
ఇరవై ఏడేళ్లు పాసు లేకుండా
నా బండెక్కినవాడు వాడొక్కడే.

నవ్వింది. రెండో సీసా మూత తీసి
తన చేతి వెనక రెండు చుక్కలు కలిపింది,
చాయ్‌లో ఇంకాస్త డికాషన్ పోసినట్టు.
మెడను చూసి కొనాలట, మొహాన్ని చూసి కాదట.
మెడ మీద తోలుసంచి పట్టీ ఒరిపిడి ఉంది.
దానికి మాత్రం నేనే వద్దన్నాను,
అది జీతం.

కాటుక నల్లది కాదు, గోధుమ రంగు,
పైరెప్పకే, సన్నగా.
ఎర్ర లిప్‌స్టిక్ నేను ఏరుకున్నదే,
పెదాల చుట్టూ గీతల్లోకి పాకుతుందని లాగేసుకుంది.
విజిల్ ఊదిన గీతలవి.
రైట్, రైట్ అని ఊదీ ఊదీ
నోరు రవికె గుండీ కాజాలా అయింది.
ఇటుక రంగు ఇచ్చింది. బాగుంది.
బాగుందని వెంటనే ఒప్పుకోలేదు, ధర అడిగాను.

అప్పుడు చూశాను,
ఇంత తెలిసిన పిల్ల మొహం
దాని మెడకన్నా రెండు మెట్లు తెలుపు.
"నీకెవరు పూశారే ఇది?"
"ఓనరుగారి రూలాంటీ. మేం నల్లగా ఉంటే
క్రీములెవరు కొంటారంటారు."
తల వంచి బిల్లు రాసుకుంటోంది.
చేతి వెనక ఇందాకటి రంగు వెతికాను.
లేదు.
నా ఎడమ చెంపకి కలిపిన రంగు
ఆ పిల్ల చర్మంలో ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో
పట్టుకోలేకపోయాను.
చెబుదామనుకున్నాను. వెనక ఓనరు ఉన్నాడు.

నాలుగు వందల ముప్పై ఏడు.
చిల్లర లేదంది.
నా దగ్గర లేకపోవడమా!

పెనమలూరు వెళ్లే బండిలో, టికెట్ కొనుక్కుని,
కుడివైపు కిటికీ దగ్గర కూర్చున్నాను.
సాయంత్రం అటు వెళ్లేటప్పుడు
ఎండ కుడివైపు పడుతుంది.
ఆ చెంప ఇంకా లేతగానే ఉంది పాపం,
దానికీ కాస్త
రోడ్డు చూపిద్దామని.